గాలి పట్టిన ఇంజిను

నడిసముద్రంలో ఆగిపోయిన డీజిల్ ఇంజినును విప్పి చూస్తే చాలాసార్లు విరిగిన భాగమేదీ కనిపించదు. ట్యాంకులో డీజిల్ ఉంటుంది. బ్యాటరీ బాగుంటుంది. సెల్ఫ్ కొడితే ఇంజిను గిరగిరా తిరుగుతుంది గాని అందుకోదు. తెలిసిన మెకానిక్ ఫిల్టరు నెత్తిమీది స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, చేత్తో ప్రైమింగ్ పంపు కొడతాడు. డీజిల్ నురగలు కక్కుతూ పొంగుతుంది. బుడగలు పోయి ధార తేటపడ్డాక స్క్రూ బిగించి సెల్ఫ్ కొడితే ఇంజిను లేస్తుంది. "ఎయిర్ పట్టింది" అంటూ చేతులు తుడుచుకుంటాడు.

ఆ గాలి ఎక్కడినుంచి వచ్చింది? ట్యాంకు నుంచి ఇంజిను దాకా గొట్టం పొడవునా చెయ్యి పెట్టి తడిమినా ఎక్కడా తడి తగలదు. చుక్క డీజిల్ బయటికి రాని సందులోంచి గాలి లోపలికి ఎలా దూరింది? పడవల ఇంధన మార్గంలో బూస్ట్ పంపు అనే చిన్న విద్యుత్ పంపును ఎందుకు అమరుస్తారో, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తెలియాలంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి.

పంపు లాగదు

చూషక పంపులు నీటిని సుమారు పది మీటర్లకు మించి ఎత్తలేవన్న సంగతిని గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో ప్రస్తావించాడు. నీటి స్తంభం తన బరువుకు తానే తెగిపోతుందని ఆయన అనుకున్నాడు. అసలు కారణాన్ని 1644 నాటికి టారిచెల్లి వివరించాడు. పంపు నీటిని లాగడం లేదు. పంపు తన కడుపులో కొంత ఖాళీ చేస్తే, బావిలోని నీటిని పైనుంచి నొక్కుతున్న వాతావరణం ఆ నీటిని ఖాళీలోకి నెడుతోంది. వాతావరణానికి ఎంత బలం ఉందో అంతవరకే నీరు ఎక్కుతుంది.

ఆ బలం విలువ ఒక బార్ కన్నా కాస్త ఎక్కువ. అది నీటిని 10.3 మీటర్లు, నీటికన్నా తేలికైన డీజిల్‌ను 12 మీటర్లు నిలబెట్టగలదు. పడవలో ట్యాంకు ఇంజినుకు ఒక మీటరు దిగువన ఉంటే ఆ ఎత్తుకు ఖర్చయ్యేది 0.08 బార్ మాత్రమే. ఇందులో ఇబ్బందేముందని అనిపిస్తుంది. కాని దారిలో ఎత్తు ఒక్కటే ఉండదు. ట్యాంకులోకి దించిన గొట్టం కొస, మూత వాల్వు, వంపులు, సన్నని పైపు, అన్నిటికన్నా ముఖ్యంగా ఫిల్టరు ఉంటాయి. ప్రతి ఒక్కటీ కొంత పీడనాన్ని తినేస్తుంది. కొత్త ఫిల్టరు తినేది స్వల్పం. మురికి పట్టిన ఫిల్టరు ఒక్కటే 0.2 బార్ దాకా మింగుతుంది. అన్నీ కలిపితే, ట్యాంకు నుంచి డీజిల్‌ను రప్పించే ఇంజిను మీది ఫీడ్ పంపు నోటి దగ్గర పీడనం బయటి వాతావరణం కన్నా 0.3 బార్ వరకు తగ్గిపోవచ్చు.

ఇక్కడే మన ప్రశ్నకు జవాబు ఉంది. గొట్టం లోపల పీడనం బయటికన్నా తక్కువ కాబట్టి, సందు దొరికితే బయటి గాలే లోపలికి పోతుంది. లోపలి డీజిల్‌కు బయటికి రావడానికి కారణమే లేదు. వదులైన క్లిప్పు, గట్టిపడిన రబ్బరు, రెండోసారి వాడిన రాగి వాషరు, నెర్రె పట్టిన ఫిల్టరు సీలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. పైగా డీజిల్ కన్నా గాలి ఎంతో పల్చన. డీజిల్ దూరలేని సందులోంచి కూడా అది దూరుతుంది. అందుకే చూషణ వైపు లీకు కంటికి కనిపించదు.

సందు లేకపోయినా గాలి పుట్టడానికి ఇంకో దారి ఉంది. నిలవ ఉన్న డీజిల్‌లో, దాని ఘనపరిమాణంలో పదో వంతుకు అటూఇటూగా గాలి కరిగి ఉంటుంది. కరిగిన వాయువు పరిమాణం పీడనాన్ని బట్టి ఉంటుందని హెన్రీ నియమం చెబుతుంది. పీడనం 0.3 బార్ తగ్గితే, లీటరుకు 30 మిల్లీలీటర్ల దాకా గాలి బయటపడడానికి అవకాశం ఏర్పడుతుంది. అదంతా ఒక్కసారిగా రాదు. కాని కెరటాల మీద కుదుపుకు, ఫిల్టరు పోగుల మధ్య రాపిడికి బుడగలు పుట్టి, ఫిల్టరు నెత్తిన, గొట్టం ఎత్తైన వంపుల్లో పోగవుతాయి.

సగం చుక్క లెక్క

ఇంత చిన్న బుడగకు ఇంత పెద్ద ఇంజిను ఎందుకు ఆగిపోవాలి? లెక్క వేసి చూద్దాం.

1960, 70ల నాటి తెరచాప పడవల్లో విస్తారంగా వాడిన ఇంజిను పెర్కిన్స్ 4-108. నాలుగు సిలిండర్లు, 1.76 లీటర్ల పరిమాణం, నిమిషానికి 4,000 చుట్ల దగ్గర సుమారు 50 హార్స్ పవర్. పూర్తి శక్తితో నడిస్తే గంటకు 12, 13 లీటర్ల డీజిల్ తాగుతుంది. ఆ వేగంలో నాలుగు సిలిండర్లలో కలిపి నిమిషానికి 8,000 సార్లు ఇంధనం చిమ్మాలి. భాగిస్తే ఒక్కో చిమ్ముకు వచ్చేది 25 ఘన మిల్లీమీటర్ల చిల్లర, అంటే సుమారు సగం చుక్క.

ఆ సగం చుక్కను ఇంజెక్షన్ పంపు నూరు బార్లకు పైబడిన పీడనానికి తీసుకెళితేనే నాజిల్ తెరుచుకుంటుంది. డీజిల్‌ను అంతగా నొక్కినా దాని పరిమాణం నూటికి ఒక వంతుకు కాస్త అటూఇటూగానే తగ్గుతుంది. అందుకే పంపు ప్లంజరు కదిలీ కదలగానే పీడనం ఎగబాకి నాజిల్ దాకా చేరుతుంది. ఇప్పుడు ఆ నాజిల్ గొట్టంలో 30 ఘన మిల్లీమీటర్ల గాలి ఉందనుకుందాం. ప్లంజరు తన 25 ఘన మిల్లీమీటర్ల డీజిల్‌ను తోస్తుంది. గాలి ముడుచుకుని 5 ఘన మిల్లీమీటర్లవుతుంది. పీడనం ఆరు రెట్లు పెరుగుతుంది. నొక్కినప్పుడు పుట్టే వేడిని కలిపినా పన్నెండు రెట్లు. నూరు బార్లు కావలసిన చోట పన్నెండు బార్లు చేరితే నాజిల్ కదలదు. ప్లంజరు వెనక్కి రాగానే గాలి మళ్లీ విచ్చుకుంటుంది. ఇంజిను ఎంతసేపు తిప్పినా గాలి ముడుచుకోవడం, విచ్చుకోవడం తప్ప ఒక్క తుంపర కూడా సిలిండరులో పడదు.

డీజిల్ ఇంజినుకు గాలి మొదటినుంచీ శత్రువు కాదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షించి చూపించిన ఇంజినులో ఇంధనాన్ని సిలిండరులోకి చిమ్మింది సంపీడిత గాలే. దానికోసం ఇంజిను పక్కన బరువైన కంప్రెసరు ఉండేది. గాలి సాయం లేకుండా ద్రవాన్నే తోసి తుంపర చేసే పంపులు తరవాత వచ్చాయి. బాష్ సంస్థ 1927లో అలాంటి పంపుల భారీ ఉత్పత్తి మొదలుపెట్టాక డీజిల్ ఇంజిను లారీల్లో, చిన్న పడవల్లో ఇమిడింది. బెంగళూరులో 1951లో ఏర్పడిన మైకో సంస్థతో ఆ పంపుల తయారీ మన దేశానికీ వచ్చింది. కంప్రెసరు బరువు పోయింది, బదులుగా బుడగ భయం వచ్చింది. ద్రవం నొక్కుడుపడదన్న గుణం మీదే ఈ ఏర్పాటంతా నిలబడింది కాబట్టి, నొక్కుడుపడే గాలి ఎక్కడ చేరినా ఏర్పాటు కుప్పకూలుతుంది.

ఆగే చోటే ప్రమాదం

గాలి, మురికి అడ్డం పడేది సముద్రం నిమ్మళంగా ఉన్నప్పుడు కాదు. పగలంతా ఎండ, రాత్రంతా చల్లదనం. సగం నిండిన ట్యాంకు గోడలకు చెమ్మ పట్టి నీరు అడుగుకు దిగుతుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో హార్మోకోనిస్ రెసినే వంటి బూజు, బాక్టీరియా పెరిగి జిగటగా తయారవుతాయి. పడవ మెల్లగా నడిచినన్నాళ్లూ ఆ మడ్డి అడుగునే ఉంటుంది. పెద్ద అల తగిలిన రోజున అదంతా లేచి ఫిల్టరు మీద పడుతుంది. ఫిల్టరు పూడుకుంటే చూషణ పెరుగుతుంది, చూషణ పెరిగితే గాలి దూరుతుంది. ట్యాంకులో డీజిల్ తక్కువగా ఉంటే ఊగుడుకు గొట్టం కొస పైకి తేలి నేరుగా గాలినే పీలుస్తుంది. ఇవన్నీ కలిసొచ్చేది అలలు విరిగే చోట, ఏటి మొగ దాటేటప్పుడు. అక్కడ ఇంజిను ఆగితే పడవ అలకు అడ్డం తిరుగుతుంది.

అలాంటప్పుడు ఇంజిను గదిలో దూరి గాలి తీయడం మామూలు పని కాదు. పెర్కిన్స్ 4-108 మీద ముందు ఫిల్టరు స్క్రూ, తరవాత ఇంజెక్షన్ పంపు పక్క స్క్రూ, దాని పైన గవర్నరు మూత స్క్రూ, చివరికి నాజిల్ గొట్టాల నట్లు ఒకదాని తరవాత ఒకటి వదులు చేయాలి. ఆ సేపంతా ఫీడ్ పంపు చేతిమీటను చిటికెడు చిటికెడుగా ఆడిస్తూనే ఉండాలి. ఇంజిను ఆగినప్పుడు క్యామ్ ఎత్తు సరిగ్గా ఆ పంపు కిందే నిలిస్తే చేతిమీటకు ఆటే ఉండదు. ఇంజినును ఒక చుట్టు తిప్పాకే అది పనిచేస్తుంది. ఒక చేత్తో స్పానరు, ఒక చేత్తో మీట, పట్టుకుని నిలబడడానికి మూడో చెయ్యి ఉండదు.

బూస్ట్ పంపు చేసే పని

బూస్ట్ పంపు అరచేతిలో పట్టేంత చిన్నది. ఫేసెట్ వంటి సంస్థలు చేసే సాధారణ రకంలో ఒక తీగచుట్ట, దాని నడుమ స్ప్రింగు మీద ఆడే ప్లంజరు, రెండు చిన్న కవాటాలు ఉంటాయి. కరెంటు ఇస్తే టకటకమంటూ ప్లంజరు ముందుకూ వెనక్కూ ఆడి డీజిల్‌ను తోస్తుంది. 12 వోల్టుల మీద ఒకటి రెండు ఆంపియర్లు చాలు. వాతావరణ పీడనం కన్నా 0.2 నుంచి 0.5 బార్ వరకు ఎక్కువ ఇస్తుంది.

దీనివల్ల ఇంజినుకు శక్తి పెరుగుతుందని కొందరు ఆశిస్తారు. పెరగదు. ప్రతి చిమ్ముకు ఎంత డీజిల్ పోవాలో ఇంజెక్షన్ పంపు, గవర్నరు నిర్ణయిస్తాయి. మిగిలింది తిరుగు గొట్టంలో ట్యాంకుకు చేరుతుంది. బూస్ట్ పంపు మార్చేది గొట్టం లోపలి పీడనాన్ని. అంతవరకు వాతావరణం కన్నా తక్కువగా ఉన్న పీడనం, ఆ పంపు తరవాతి భాగమంతటా వాతావరణం కన్నా ఎక్కువ అవుతుంది. గాలి లోపలికి పోయే దారి మూసుకుంటుంది. కరిగి ఉన్న గాలి కరిగే ఉంటుంది. ఇంకా విలువైన సంగతి, ఇన్నాళ్లూ కనిపించని సందు ఇప్పుడు తడిగా కనిపిస్తుంది. ఇంజిను ఆపి, పంపు ఒక్కటే వేసి, ప్రతి కీలునూ పొడి కాగితంతో తుడిచి చూస్తే లీకు ఎక్కడుందో కాగితమే చెబుతుంది. కంటికి కనిపించని రోగాన్ని కనిపించే రోగంగా మార్చడమే బూస్ట్ పంపు చేసే అసలు మేలు.

గాలి తీయడమూ సులువవుతుంది. స్విచ్ వేసి, స్క్రూలు వరసగా వదులు చేసి, తేట ధార రాగానే బిగించుకుంటూ పోతే చాలు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

విమానాల్లో ఇది పాత పద్ధతే. పైపర్ చెరోకీ వంటి చిన్న విమానాలకు రెక్కలు దిగువన ఉంటాయి. ఇంధనం ఆ రెక్కల్లో, ఇంజిను కన్నా కిందన ఉంటుంది. ఇంజిను తిప్పే పంపుకు తోడుగా ఒక విద్యుత్ పంపు ఉంటుంది. ఇంజిను ఆగితే కోలుకునే వ్యవధి ఉండని టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో పైలట్ దాన్ని వేస్తాడు. కార్బురేటర్ ఉన్న సెస్నా 172కు రెక్కలు పైన ఉంటాయి కనుక ఇంధనం దానంతటదే దిగుతుంది, ఆ పంపు అక్కర్లేదు. పడవకూ ఇదే కొలత. ట్యాంకు, లేదా ఎత్తున పెట్టిన డే ట్యాంకు ఇంజిను కన్నా పైన ఉంటే భూమి ఆకర్షణే బూస్ట్ పంపు.

ఎక్కడ అమర్చాలి

పంపు ముందున్న భాగం చూషణలోనే ఉంటుంది, వెనకున్న భాగమే తోపులోకి మారుతుంది. అలాగైతే పంపును ట్యాంకు పక్కనే, మొదటి ఫిల్టరుకు ముందే పెడితే మొత్తం దారి తోపులోకి వస్తుంది కదా? అక్కడ రెండు చిక్కులున్నాయి.

మొదటి చిక్కు నీటిది. పడవల్లో మొదటి ఫిల్టరే వాటర్ సెపరేటరు కూడా. డీజిల్‌లోని నీటి బిందువులు బరువుకు కింద గిన్నెలోకి దిగుతాయి. దిగే వేగం బిందువు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని స్టోక్స్ సూత్రం. బిందువు సగానికి చితికితే దిగే వేగం నాలుగో వంతు, పదో వంతుకు చితికితే నూరో వంతు. పంపు కవాటాల్లో పడి నలిగిన నీరు అంత సన్నని బిందువులై, దిగే వ్యవధి లేక డీజిల్‌తో కలిసి ముందుకు పోతుంది. నీరు చేరితే తుప్పు తినేది మిల్లీమీటరులో వెయ్యో వంతు సందులతో చెక్కిన ఇంజెక్షన్ పంపును. రెండో చిక్కు మంటది. చూషణలో ఉన్న గిన్నెకు పగులు వస్తే గాలి దూరి ఇంజిను ఆగుతుంది. తోపులో ఉన్న గిన్నెకు పగులు వస్తే డీజిల్ బయటికి కారుతుంది.

అందుకని సెపరేటరు తరవాత, ఇంజిను ఫీడ్ పంపుకు ముందు బూస్ట్ పంపు పెట్టడం మేలైన పద్ధతి. చూషణలో మిగిలే ముక్కను వీలైనంత పొట్టిగా ఉంచాలి. సెపరేటరునూ పంపునూ ట్యాంకుకు దగ్గరగా, తక్కువ ఎత్తులో బిగించాలి. కొన్ని పంపులు ఆగి ఉన్నప్పుడు తమగుండా డీజిల్‌ను పోనిస్తాయి, కొన్ని పోనివ్వవు. పోనివ్వని రకమైతే, లేదా చెడిపోయి అడ్డుపడుతుందన్న సందేహముంటే, పక్కదారి గొట్టం వేసి అందులో నాన్ రిటర్న్ వాల్వు బిగించాలి. అప్పుడు విద్యుత్ పంపు చచ్చినా ఇంజిను సొంత ఫీడ్ పంపు పక్కదారిన తాగుతుంది.

పీడనం విషయంలో ఎక్కువైతే ఇంకా మంచిదనే లెక్క చెల్లదు. పెట్రోలు కార్ల ఇంజెక్షన్ పంపులు మూడు బార్లు, ఆపైన ఇస్తాయి. చవకగా దొరికిందని అలాంటిదాన్ని బిగిస్తే ఇంజెక్షన్ పంపు సీళ్లు దెబ్బతింటాయి. ఇంజిను తయారీదారు అనుమతించిన పీడనం ఎంతో చూసి, దానికి లోబడిన పంపునే కొనాలి.

కరెంటుకు ఒక కాపలా

ఇంజిను తిప్పే ఫీడ్ పంపులో ఒక సహజమైన భద్రత ఉంది. ఇంజిను ఆగితే అదీ ఆగుతుంది. విద్యుత్ పంపుకు ఆ బుద్ధి లేదు. గొట్టం తెగి ఇంజిను ఆగినా, స్విచ్ వేసి ఉన్నంతసేపూ ట్యాంకులోని డీజిల్‌ను పడవ అడుగుకు తోడిపోస్తూనే ఉంటుంది. మామూలు వేడికి డీజిల్ పెట్రోలులా అంటుకోకపోవచ్చు. కాని 220 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల నిప్పురవ్వ లేకుండానే రాజుకుంటుంది. ఎగ్జాస్టు గొట్టాల లోహం అంతకన్నా వేడెక్కగలదు.

కాబట్టి పంపుకు పోయే కరెంటును ఇంజిన్ ఆయిల్ పీడన స్విచ్ గుండా పంపాలి. ఇంజిను తిరిగి ఆయిల్ పీడనం ఉన్నప్పుడే పంపు నడుస్తుంది. గాలి తీయడానికి మాత్రం వేలితో నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేసే ఒక వేరే బటన్ ఉండాలి. తీగకు తగిన ఫ్యూజు ఉండాలి. గొట్టానికి ఐఎస్ఓ 7840 ప్రమాణం ఉన్న, మంటకు తాళే రకమే వాడాలి.

ఇంకో ప్రమాదం కనిపించకుండా పెరుగుతుంది. చాలా ఇంజిన్ల ఫీడ్ పంపులో రబ్బరు పొర ఉంటుంది, దాని అవతలి వైపు ఇంజిన్ ఆయిల్ గది. పొర చిరిగితే డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. వెనకనుంచి బూస్ట్ పంపు తోస్తూ ఉంటే ఇంకా జోరుగా దిగుతుంది. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం తగ్గడం చూసి కంగారుపడతాం, పెరగడం చూసినా అంతే కంగారుపడాలి. పాత ఫీడ్ పంపు ఉన్న ఇంజినుకు బూస్ట్ పంపు పెట్టే ముందు ఆ పొరను మార్చడం అవసరం.

పంపు తీర్చలేని రోగం

సెపరేటరు తరవాత కూర్చున్న బూస్ట్ పంపు, మూసుకుపోతున్న ఫిల్టరులోంచి ఇంకా బలంగా పీల్చగలదు. మేలు, కీడు రెండూ అందులోనే ఉన్నాయి. కష్టసమయంలో హార్బరు చేరే వ్యవధి ఇస్తుంది. రోజూ వేసే ఉంచితే ఫిల్టరు రోగాన్ని దాచిపెడుతుంది. ఇంజిను నీరసించి ముందే హెచ్చరించాల్సింది, హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా ఆగుతుంది. కాబట్టి పంపు కన్నా ముందు సెపరేటరు మీద ఒక వాక్యూమ్ గేజీ పెట్టాలి. కొత్త ఫిల్టరుతో పూర్తి వేగంలో ముల్లు ఎక్కడ నిలుస్తుందో రాసిపెట్టుకోవాలి. అది పెరుగుతూ 7 నుంచి 10 అంగుళాల పాదరసానికి చేరితే ఫిల్టరు మార్చే వేళయినట్టు. ఫిల్టరు మార్చినా ముల్లు దిగకపోతే ట్యాంకులోని గొట్టం కొసో, వాల్వో మూసుకుందని అర్థం. చూషణ మామూలుగానే ఉండి గాలి మాత్రం పడుతుంటే సందు వెతకాలి. దానికి కొంత ముక్క పారదర్శక గొట్టాన్ని తాత్కాలికంగా మధ్యలో పెట్టి, బుడగలు ఎటునుంచి వస్తున్నాయో చూడవచ్చు.

మన తీరంలోని ట్రాలర్లలో అశోక్ లేలాండ్ ఇంజిన్లు విరివిగా కనిపిస్తాయి. వాటిలో కూడా డీజిల్ నడిచే దారి సూత్రం ఇదే, బుడగ లెక్క ఇదే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగుతుంది. బోటు మరమ్మతులకు ఆ కాలాన్ని మించింది లేదు. ట్యాంకు అడుగు కడిగి నీరు, మడ్డి తీయడం, గట్టిపడిన రబ్బరు గొట్టాలు, వాడిన రాగి వాషర్లు మార్చడం, గేజీ పెట్టడం, ఈ మూడూ అయ్యాక కూడా చూషణ ఎక్కువగా ఉంటే, లేదా గాలి తీయడానికి చెయ్యి అందని ఇంజిను గది అయితే, అప్పుడు బూస్ట్ పంపు కొనాలి. ఈ క్రమం తలకిందులు కాకూడదు. మురికి ట్యాంకుకు బూస్ట్ పంపు మందు కాదు. శుభ్రమైన ట్యాంకు, బిగువైన గొట్టాలు ఉన్న బోటులో మాత్రం అది మొగ దగ్గర సరంగుకు స్విచ్ దూరంలో ఉన్న ధైర్యం. బోటు మీద వెళ్లేవాళ్ల ప్రాణాలు ఇంజిను మీద ఆధారపడతాయి గనుక, ఆ ధైర్యాన్ని కొలతతో, క్రమంతో సంపాదించుకోవాలి.